రానీ పార్టీ, రాకు పార్టీ, మా వదిన తాయమ్మ

కొత్తగా పెళ్ళైన జంట ఇంటికి రాగానే గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి, పేరు చెప్పి లోపలికి రమ్మని నిలబెట్టే ఆడపడుచులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మా ఊళ్ళో ఆ ఉద్యోగం శాశ్వతంగా మా వదిన తాయమ్మది. ఎవరింటి పెళ్ళి, ఏ కులం పెళ్ళి అని లేదు. చర్చిలో ఉంగరాలు మార్చుకుని వచ్చిన జంట అయినా సరే, ఆమెను దాటి లోపలికి పోవాలంటే పేరు చెప్పాల్సిందే. పెళ్ళికూతురు తల వంచుకుని "ఆయన" అంటే ఒప్పుకోదు. "మీ వాడు" అన్నా ఒప్పుకోదు. "పేరు పెట్టింది పిలుసుకునేదానికే గదమ్మా, నోరు తెరిసి సెప్పు" అంటుంది. చెప్పేదాకా కదలదు.

నేను ఎమ్మిగనూరు నుంచి కాపురానికి వచ్చింది నడివేసవిలో, మిట్టమధ్యాహ్నం. బండల మీద కాళ్ళు కాలిపోతున్నాయి. ఈమె గుమ్మంలో నిలబడి ముసిముసిగా నవ్వుతోంది. నాకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. "తిరుపాల్, తిరుపాల్, తిరుపాల్, చాలా?" అని అరిచాను. మా పుట్టింటివాళ్ళు బిత్తరపోయారు. ఈమె మాత్రం నవ్వీ నవ్వీ గుమ్మంలోనే కూలబడింది, ఇంక లేవదు. కొత్తకోడలు కుడికాలు పెట్టి రాలేదు, ఆడబిడ్డను దాటుకుని వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఆమె నన్ను వదల్లేదు, నేను ఆమెను వదల్లేదు. మధ్యలో తిరుపాల్ అనే ఆయన కూడా ఒకరున్నారు. ఆయన సంగతికి వస్తాను.

మా ఊరు ఆస్పరి నుంచి ఆదోని పోయే దారిలో పక్కకు తిరిగితే వస్తుంది. వానొస్తే పత్తి, వేరుశనగ. రాకపోతే కూలికి ఎటైనా పోవడం. మా వదినకు పద్నాలుగేళ్ళ వయసులో మా అత్త పురిట్లో పోయింది. ఆ పురిట్లో పుట్టినవాడే మా ఆయన. మామ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఆదోని పోయి ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో పనికి చేరాడు. ఈమె తమ్ముణ్ణి పత్తి కుప్ప మీద పడుకోబెట్టి, మిషను దగ్గర గింజలు ఎత్తిపోసేది. సాయంత్రానికి దూది అంటుకుని అక్కాతమ్ముళ్ళిద్దరికీ జుట్టు తెల్లగా పండిపోయేదట. "నా తమ్ముడు పుట్టుకతోనే ముసలోడప్పా, ఇప్పుడిప్పుడే సిన్నపిల్లోడు అయితాండాడు" అని ఇప్పటికీ అంటుంది. ఆయన చేసే పనులు చూస్తే నిజమే అనిపిస్తుంది.

పక్క మిషను దగ్గర మా ఊరి అంజనమ్మే పనిచేసేది. ఇద్దరూ ఒకే సద్దిమూట విప్పుకుని తిన్నారు, ఒకే పాట పాడుకున్నారు, సూపర్‌వైజరుకు ఒకే బూతు పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఏమిటో నాకు చెప్పారు కానీ ఇక్కడ రాయడానికి వీల్లేదు. తర్వాత వదినకు పెళ్ళయింది. కాపురం నిండా మూడేళ్ళు కూడా సాగకముందే మొగుడు పాము కరిచి పోయాడు. తిరిగి ఊరికి వచ్చేసి, తమ్ముణ్ణి పెంచి, పత్తి తీసే ఆడవాళ్ళ గుంపుకు పెద్ద అయి కూర్చుంది. అంజనమ్మ కూడా పెళ్ళై ఈ ఊళ్ళోనే మా ఇంటి వెనక ఇంట్లో స్థిరపడింది. మధ్యలో భుజాల ఎత్తు గోడ. ఆ గోడ మీదుగా పండగపూట ఓళిగలు ఇటు వస్తాయి, కారం దోసెలు అటు పోతాయి.

ఫ్యాక్టరీలో అన్నేళ్ళు పీల్చిన దూది ఊరికే పోలేదు. వదినకు ఉబ్బసం. ఆదోని డాక్టరు పీల్చే మందు ఇచ్చి, "జలుబు పట్టకుండా చూసుకో తల్లీ. ఊపిరితిత్తులు ఇప్పటికే సగం పనిచేస్తున్నాయి. నీకు జలుబంటే జలుబు కాదు" అని నా ముందే చెప్పాడు. ఈమె బయటికి వచ్చి, ఆ మందు డబ్బాకు బూర అని పేరు పెట్టి, బస్టాండులో పిల్లలకు ఊది చూపించింది.

ఇంక మా ఆయన గురించి. మా ఆయన రాజకీయ నాయకుడు. అంటే గెలిచాడని కాదు, నిలబడుతూ ఉంటాడని. ఆయన ఎక్కడ నిలబడితే అక్కడ అంజనమ్మ కొడుకు హరికృష్ణ ఎదురుగా నిలబడతాడు. రెండువేల ఇరవైలో స్థానిక ఎన్నికలు వస్తున్నాయని ఇద్దరూ తెల్లబట్టలు కుట్టించుకున్నారు, ఫ్లెక్సీలు అచ్చువేయించారు. ఇంతలో ఎన్నికలు వాయిదా పడ్డాయి. ముహూర్తం తప్పిన పెళ్ళికొడుకుల్లా ఇద్దరూ ఇస్త్రీ మడతలతో ఊళ్ళో తిరిగారు. కొట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. కరోనా దొరికింది.

ముందు హరికృష్ణ లేచాడు. కుర్రాళ్ళను పోగేసి ఊరికి వచ్చే దారికి ముళ్ళకంప కొట్టించాడు. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. చాలా ఊళ్ళలో కొట్టారు, మంచిదే. కానీ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క చిల్లర అంగడి హరికృష్ణదే అన్నది కూడా చెప్పాలి. కంప పడ్డాక ఉప్పుకు, పప్పుకు ఆస్పరి పోయేవాళ్ళు లేరు. మా ఆయనకేమో రెండు ఆటోలు. ఆస్పరికీ ఆదోనికీ తిరిగేవి. కంప పడ్డాక వాటి వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టసాగాయి. ఎవరి సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో ఇంకా విప్పి చెప్పాల్సిన పని లేదు. అయితే ఇద్దరిలో ఎవరిని కదిపినా ప్రపంచ ఆరోగ్యం తప్ప వేరే మాట లేదు.

ఆటోలు ఆగిపోయాక మా ఆయన టీవీ ముందు కూర్చున్నాడు. అక్కడ పొద్దస్తమానం ఒకటే చర్చ. జబ్బును ఆపకుండా జనానికి రానిస్తే, ఎక్కువమందికి వచ్చి తగ్గి, ఒంట్లో శక్తి పుట్టి, ఇంక అంటుకోవడానికి మనుషులు దొరక్క జబ్బే చచ్చిపోతుందని ఒకాయన. అట్లా చేస్తే ఆసుపత్రులు చాలవు, శవాలు లేస్తాయని ఇంకొకాయన. ఏదో దేశం ఆ దారి పట్టిందని ఒకరు, పట్టి వెనక్కి తగ్గిందని ఇంకొకరు. ఆ రానివ్వడానికి హెర్డ్ ఇమ్యూనిటీ అని పేరు. మా ఆయనకు ఆ పేరు నచ్చింది. అన్నం ఉడకలేదంటే హెర్డ్ ఇమ్యూనిటీ. మోటరు కాలిపోయిందంటే హెర్డ్ ఇమ్యూనిటీ. నిద్రలో కూడా అనేవాడు. నేను పక్కకు జరిగి పడుకున్నాను.

ఊరివాళ్ళకు మాత్రం చక్కగా విడమరిచి చెప్పాడు, కాదనను. "సూడప్పా, సిన్నప్పుడు మనకందరికీ అమ్మవారు పోసింది గదా. ఒగసారి పోసినాక మళ్ళా పోసిందా? ల్యా. ఇది గూడా అంతే. కంప తీసేద్దాం. రానీ. అందరికీ ఒగేసారి రానీ, వచ్చి పోనీ." అలా ఆయన వెనక చేరినవాళ్ళకు రానీ పార్టీ అని పేరు పడింది. హరికృష్ణ వెనకవాళ్ళు రాకు పార్టీ. ఊరు నిట్టనిలువునా చీలింది. అత్త రానీ అంటే కోడలు రాకు. రానీ పార్టీవాళ్ళు ధైర్యానికి గుర్తుగా మూతులకు గుడ్డ కట్టుకోవడం మానేశారు. కానీ ఒకరోజు పాల కేంద్రం దగ్గర వాళ్ళలో ఒకడు గట్టిగా తుమ్మితే, పాలు వదిలేసి ముందు పరుగెత్తింది రానీ పార్టీవాళ్ళే. రాకు పార్టీవాళ్ళు నిదానంగా నడిచి పోయారు.

రానీ పార్టీకి అందరికంటే పెద్ద గొంతు మా వదినది. ఆమెకు హెర్డ్ తెలియదు, ఇమ్యూనిటీ తెలియదు. ఆమెకు కావలసింది సుంకులమ్మ దేవర, అంటే మా ఊరి జాతర. ఏటా దేవరలో కుంభం ముందు మొదటి అడుగు ఆమెదే. పలకలు మోగితే ఆమెను ఆపడానికి ముగ్గురు చాలరు. ఆ ఏడు దేవర ఆగిపోయింది. "ఇంట్లో కూసోని మగ్గి సచ్చేదానికంటే దేవర్లో ఎగిరి సచ్చేది మేలు" అని వీధిలో నిలబడి అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

"డాక్టరు ఏమన్నాడో గుర్తుందా వదినా?" అంటే, "నాకు బూర ఉండాది పిల్లా" అనేది. మా ఆయనతో చెబితే, "అక్కకేమైతాది? గుండ్రాయి మాదిరి ఉండాది" అని టీవీ శబ్దం పెంచాడు. నేను రిమోట్ లాక్కుని పిండి డబ్బాలో దాచేశాను. భయం మాత్రం ఎక్కడా దాచలేకపోయాను. ఈమెకు ఆ జబ్బు వస్తే ఈమె ఉండదు. ఈ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలిసినట్టుంది, ఈమెకు కూడా తెలియనట్టుంది.

జూన్‌లో మా ఆయన కొత్త ఎత్తు వేశాడు. కంప తీసేసి, ఆగిపోయిన దేవరను ఘనంగా చేద్దాం, చుట్టుపక్కల ఊళ్ళ బంధువులందరినీ పిలుద్దాం, ఒక్క దేవరతో ఊరంతటికీ వచ్చి పోతుంది, పంటల కాలానికి అందరం గట్టిపడతాం అన్నాడు. ఊరు ఊగిపోయింది. మా వదినైతే అటక మీది గజ్జెలు దించి చింతపండుతో తోమింది. హరికృష్ణ ఊరుకుంటాడా? ఊరి ముందు తేల్చుకుందాం రమ్మన్నాడు. చర్చి మైకు సెట్టు చూసుకునే జోయల్‌ను మధ్యవర్తిగా పెట్టారు. అతని దగ్గర మైకు ఉంది కాబట్టి రెండు పార్టీలకూ అతను కావాలి.

సభ బడి ముందు, ముళ్ళకంపకు కూతవేటు దూరంలో. మనుషులు ఎడంగా కూర్చోవాలని సున్నంతో గుండ్రాలు గీయమన్నారు. ఆ పని ఆడవాళ్ళకు ఇవ్వడం తప్పు. మొదటామె గుండ్రం గీసి మధ్యలో ఒక పువ్వు వేసింది. రెండో ఆమె పువ్వుకు తీగ వేసింది. ఆ తర్వాత చుక్కలొచ్చాయి, నెమళ్ళొచ్చాయి, ఒక మూల రథం కూడా వచ్చింది. తీరా జనం వచ్చేసరికి ఎవరి ముగ్గును తొక్కడానికీ ఎవరికీ మనసు రాలేదు. అందరూ ముగ్గుల సందుల్లో ఒకరినొకరు ఒరుసుకుంటూ మామూలుకంటే దగ్గరగా కూర్చున్నారు. గుండ్రాలన్నీ ఖాళీగా, అందంగా ఉన్నాయి.

మా ఆయన బాగానే మాట్లాడాడు. అమ్మవారి పోలిక చెప్పాడు, దేవర చెప్పాడు, ఆటోల మాట ఎత్తలేదు. చప్పట్లు పడ్డాయి. హరికృష్ణ మైకు అందుకుని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "తిరుపాలన్నా, అందరికీ రానిస్తే ఎంతమంది పోతారో అది గూడా సెప్పు. టీవీలో సెప్పినారు గదా."

మా ఆయన తడుముకోలేదు. అదే నాకు ఇప్పటికీ మంట. "నూటికి ఒగరో ఇద్దరో పోతారు. ముసలోళ్ళు, జబ్బు మనుషులు. దానికేముందప్పా, ఏటా పోయేవాళ్ళు పోతానే ఉంటారు గదా" అన్నాడు.

ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు. వచ్చి పోతుంది అన్నాడే కానీ, పోతూ ఎవరినో వెంట తీసుకుపోతుందని మా వదినకు చెప్పలేదు. నేను ఆమె వైపు చూశాను. ఆమె నెమలి ముగ్గు పక్కన కూర్చుని వేళ్ళు ముడుస్తోంది. "మన ఊర్లో వెయ్యి మంది ఉండాము. నూటికి ఒగరంటే పది మంది గదా నందినీ" అని నన్ను అడిగింది. అవునన్నాను. లేచి నిలబడింది.

"అప్పా తిరుపాలా, ఆ పదిమంది ఎవురెవురు?"

మా ఆయన నవ్వాడు. జనమూ నవ్వారు. కానీ ముసలి తలకాయలు ఒక్కొక్కటే అటూ ఇటూ తిరగడం మొదలైంది. ముందుగా తిక్కయ్య తాత లేచాడు. "నన్ను లెక్కలో ఏసుకోవద్దప్పా. నా గట్టు కేసు ఆదోని కోర్టులో ఉండాది. తీర్పు వచ్చేదాకా నేను యాడికీ పోయేది ల్యా" అన్నాడు. "ఐతే నీకు సావే ల్యాదులే తాతా" అని ఎవరో అన్నారు. ఒక అవ్వ తన బర్రె తన చేతికి తప్ప ఎవరికీ పాలు ఇవ్వదని, కావాలంటే వచ్చి చూసుకోమని చెప్పింది. ఇంకో పెద్దాయన తనకు పోవడానికి అభ్యంతరం లేదు కానీ, శవం వెంట ఇరవై మందే నడవాలన్న రూలు ఉన్నంతకాలం మాత్రం పోనన్నాడు. పలకలు ఉండాలి, టపాకాయలు ఉండాలి, ఊరంతా వెనక నడవాలి, అప్పుడైతే ఆలోచిస్తానన్నాడు. రానీ పార్టీ కుర్రాడు వీరేష్‌కు గొప్ప ఉపాయం తట్టింది. "అన్నా, ఈ లెక్కకు పక్కూరోళ్ళు పనికిరారా? దేవరకు వస్తారు గదా" అని అడిగాడు. సభ పడీ పడీ నవ్వింది. జోయల్ మైకు పట్టుకుని నవ్వడంతో ఆ నవ్వు పొలాల దాకా వినిపించింది.

మా వదిన ఆ నవ్వులో నడుచుకుంటూ పోయింది. పోయి ముళ్ళకంపకు వీపు పెట్టి నిలబడి, రెండు చేతులూ బారజాపింది. ఊళ్ళో పెళ్ళైన ప్రతి మనిషికీ ఆ భంగిమ తెలుసు. పిల్లలు కేరింతలు కొట్టారు.

"పేరు సెప్పి కంప తీ" అంది.

ఊరికి ఉత్సాహం తన్నుకొచ్చింది. మూడు నెలలుగా పెళ్ళిళ్ళు లేవు, ఆ ఆట లేదు. "సెప్పు, సెప్పు" అని రెండు పార్టీలూ కలిసి చప్పట్లు కొట్టాయి. ఆడవాళ్ళు పెళ్ళిపాట ఎత్తుకున్నారు. మా ఆయన కూడా నవ్వుతూ, మైకు పట్టుకుని, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ దగ్గరికి పోయాడు.

"ఏం పేరు సెప్పాలక్కా?"

"ఫస్టు నా పేరే సెప్పు. నేను ఉబ్బసం దాన్ని. నాకు జలుబంటే జలుబు కాదని ఆదోని డాక్టరు సెప్పినాడు, నీ పెండ్లాం ఇన్నాది. నన్ను ఒగర్ని ఏసుకో. ఇంగ తొమ్మిది మంది అయితారు. నాకేం బాధ ల్యా, ఊరికి మంచిదంటే నేను పోతా. కానీ నీ నోటితో సెప్పు. మైకులో సెప్పు. మా అక్క తాయమ్మ పోయినా పర్వాల్యా, కంప తీయండి అని సెప్పు. సెప్పి తీసుకో. నేను అడ్డం రాను."

ఆమె నవ్వుతూనే అంది. పాట పాడుతున్నవాళ్ళు ఇంకో చరణం పాడి, ఎందుకో ఆపేశారు. మా ఆయన మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "మా అక్క" అన్నాడు. ఆ రెండు మాటలు స్తంభం మీది గొట్టంలోంచి ఊరంతా వినిపించాయి. తర్వాత ఏమీ రాలేదు. మళ్ళీ "మా అక్క" అన్నాడు. నా పెళ్ళిరోజున నేను మూడుసార్లు అరిచిన పేరు లాంటి పేరే కదా, చిన్న పేరే కదా. ఆయన వల్ల కాలేదు. మైకు జోయల్ చేతిలో పెట్టి, "దేవరా ల్యా ఏమీ ల్యా, ఇండ్లకు పోండప్పా" అని వెళ్ళిపోయాడు.

రాకు పార్టీవాళ్ళు ఈలలు వేశారు. హరికృష్ణ మా వదినకు దండం పెట్టడానికి వచ్చాడు. "నువ్వు యాల పండ్లు ఇకిలిస్తాండావప్పా? మీ అంగట్లో పప్పు రేటు తగ్గించు ముందు, ఆకలితో పొయ్యేటోళ్ళ పేర్లు సెప్పమంటే నువ్వేం సేస్తావు?" అంది. అతను దండం మధ్యలోనే చేతులు దించేశాడు. నాకు ఎంత ఆనందం కలిగిందంటే, నెమలి ముగ్గును తొక్కుకుంటూ పరుగెత్తిపోయి ఆమెను కావలించుకున్నాను. ఆ ముగ్గు వేసినామె నాతో చాలాకాలం మాట్లాడలేదు.

సాయంత్రం పొయ్యి ముట్టించే వేళకు మా ఆయన వెనక పెరట్లో రోలు మీద కూర్చుని ఉన్నాడు. ఇచ్చిన టీ తాగలేదు. మా వదిన ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది.

"రేయ్, ఒగ మాట అడుగుతా, నిజం సెప్పు. టీవీ ముందర కూసోని ఒగరో ఇద్దరో పోతారులే అనుకుంటివి గదా. అప్పుడు నీ మనసులో ఎవురుండ్రి? నేను ల్యాను, అది నాకు తెలుసు. కానీ ఎవురో ఒగరు ఉండాల. ముఖం ల్యాకుండా మనిషి పోడు గదా."

నేను పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టుకుని ఊదడం మానేశాను.

"అంజనమ్మ పెద్దమ్మ" అన్నాడు.

ఒక్క క్షణం నాకు కోపం వచ్చింది. పగవాడి తల్లి కాబట్టి పోయినా ఫరవాలేదనుకున్నాడు. ఆమె చేసిన ఓళిగలు తింటూనే అనుకున్నాడు. కానీ నేను నోరు తెరిచేలోపు మా వదిన నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మామూలు నవ్వు కాదు. చాప మీద అటు పొర్లింది, ఇటు పొర్లింది. "ఆయమ్మనా" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. నవ్వు నవ్వుగానే పోయి ఆయాసంలో పడింది. గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి, పెదవులు నల్లబడ్డాయి. నేను బూర కోసం లోపలికి పరుగెత్తాను. వచ్చేసరికి మా ఆయన ఆమెను ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీపు నిమురుతూ, "అక్కా, అక్కా" అంటున్నాడు. ఆ చిన్న శరీరం ఆయన ఒళ్ళో సగం కూడా నిండలేదు. గుండ్రాయి అన్నాడు కదా, ఎంత తేలికగా ఉందో అప్పుడు తెలిసినట్టుంది.

మందు పీల్చి, ఊపిరి తిరిగి, ఆమె మొదట అన్న మాట, "పో. పోయి ఆయమ్మకు సెప్పిరా" అని.

"ఏమని సెప్పేదక్కా?"

"నాకు సెప్పినట్లే."

ఆయన లేచి గోడ దగ్గరికి పోయాడు. నేను వెనకే పోయాను, ఇలాంటివి నేను వదులుకోను. గోడకు అవతల అంజనమ్మ చేటలో కందులు చెరుగుతోంది. మా ఆయన గోడ మీద గడ్డం ఆనించి, "పెద్దమ్మా" అని పిలిచాడు. ఆమె తలెత్తింది.

"నూటికి ఒగరు పోతారని మైకులో అంటి గదా పెద్దమ్మా. అప్పుడు నేను నిన్ను ఏసుకున్న్యాను."

చేట ఆగింది. ఆమె ఆయన్ని కాసేపు చూసింది. కోపంగా లేదు. ఏదో చిన్న లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

"నన్ను ఒగదాన్నేనా?"

"నిన్నొక్కదాన్నే పెద్దమ్మా."

"అట్లెట్లప్పా, ఒంటిగా నేను యాడికి పోయేది?" అంది అంజనమ్మ. "తోడుకు మీ అక్కను గూడా ఏసుకో. ఇద్దరం మాట్లాడుకుంటా పోతాము."

చాప మీద నుంచి మా వదిన కేక వేసింది. "నేను రాను పో అంజనీ. నాకు దేవర ఉండాది."

"దేవర సూసుకోనే పోదాం లేవే, తొందరేముండాది" అంది అంజనమ్మ. చేట పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. చాప మీద మా వదిన, నవ్వకు నవ్వకు అని నేను మొత్తుకుంటున్నా వినకుండా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యలో మా ఆయన గోడకు తల ఆనించి ఏడుస్తున్నాడు. ఆయన్ని ఓదార్చడానికి అటు నుంచి ఒక చెయ్యి గోడ మీదుగా వచ్చి తల నిమిరింది. ఆ చేతికి కందిపొట్టు అంటుకుని ఉంది.